మూత్రంలో మంటకు గోలీలు వాడుతుంటే కొత్త నొప్పి మొదలైందా? ఏ నొప్పికి ఏం చేయాలి

ఒంటేలుకు పోతే మంట, మాటిమాటికీ పోవాలనిపించడం, పొత్తికడుపులో బరువు. దవాఖానకు పోయి చూపించుకున్నారు, ఇన్ఫెక్షన్ అన్నారు, ఐదు రోజుల గోలీలు ఇచ్చారు. రెండో రోజో మూడో రోజో ఇంకెక్కడో నొప్పి మొదలైంది. మడమ వెనక కావచ్చు, డొక్కలో కావచ్చు, ఛాతీలో, అరికాళ్లలో కావచ్చు. మంట తగ్గడానికి వేసుకుంటే ఇదేంది అనిపిస్తుంది.

మన దిక్కున ఇక్కడే ఒక చిక్కుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లు ఇంటింటా ఉన్నారు. పాలమూరు పల్లెల్లో పొద్దంతా నడుం వంచి పత్తి ఏరేవాళ్లకు, నాట్లు వేసేవాళ్లకు ఒళ్లు నొప్పులు రోజూ ఉండేవే. అందుకే గోలీ వల్ల వచ్చిన కొత్త నొప్పి కూడా పాత నొప్పుల ఖాతాలో పడిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక నొప్పుల సూది వేయించుకుని మళ్లీ పనికి పోతారు. మూత్రం ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ సూది కిడ్నీకి ఇంకో దెబ్బ.

నొప్పి ఎక్కడ ఉంది, వాడే మందు పేరేంది. ఈ రెండూ తెలిస్తే తర్వాత చేయాల్సింది చాలావరకు తేలిపోతుంది. కింద రాసినది పెద్దవాళ్ల కోసం. గర్భిణులు, పసిపిల్లలు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, మూత్రపు పైపు పెట్టుకుని ఉన్నవాళ్లు కొత్త నొప్పి ఏదైనా సరే ఇంట్లో ఆగకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించుకోవాలి.

1. ముందు ఇవి ఉన్నాయో లేవో చూసుకోండి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా మిగతాది చదవడం ఆపి బయల్దేరండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

- చలితో వణికించే జ్వరం, దాంతోపాటు డొక్కలో గానీ వీపు పక్కన గానీ నొప్పి, వాంతులు. గోలీ కడుపులో నిలవకపోతే ఆ మందు పని చేయదు.
- పొత్తికడుపు ఉబ్బి నొప్పి పెడుతున్నా ఒంటేలు రాకపోవడం, లేదా పూట గడిచినా చుక్కలు చుక్కలుగానే రావడం.
- ఛాతీలో నొప్పి, ఆయాసం.
- ఛాతీ, వీపు, కడుపు ఎక్కడైనా ఉన్నట్టుండి చీల్చినట్టు వచ్చే నొప్పి.
- చర్మం మంటగా నొప్పి పుట్టి ఎర్రబడటం, పొక్కులు లేవడం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం.
- నెలసరి తప్పి ఉండి, పొత్తికడుపులో ఒక పక్కన గట్టి నొప్పి. గర్భం సంచిలో కాకుండా గొట్టంలో నిలిచినప్పుడు కూడా ఇలాగే ఉంటుంది.
- మాట తడబడటం, మగతగా పడుండటం. ముసలివాళ్లలో జ్వరం లేకుండా ఇదొక్కటే కనిపించవచ్చు.

అమ్రాబాద్ గుట్టల మీద ఉన్నవాళ్లు, దేవరకొండ అవతలి తండాల వాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం చలిజ్వరం మొదలైతే పొద్దుగూకేదాకా చూద్దామని ఆగవద్దు. రాత్రి బండి దొరకడం కష్టం, కిడ్నీ దాకా ఎక్కిన ఇన్ఫెక్షన్ తెల్లారేసరికి రక్తంలోకి పోగలదు.

2. గోలీల షీటు తిప్పి మందు పేరు చూడండి

షీటు మీద రెండు పేర్లు ఉంటాయి. ఒకటి కంపెనీ పెట్టిన పేరు. అది మనకు పనికిరాదు. రెండోది అసలు మందు పేరు, మనకు కావాల్సింది అదే. చదవడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో చదివించండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసి ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చూపించండి. మెడికల్ షాపులో షీటు కత్తిరించి నాలుగు గోలీలు చేతిలో పెట్టినప్పుడు పేరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అలాంటప్పుడు కవర్ మీద పేరు రాసివ్వమని అడగండి. షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ మీదే వాడాల్సిన మందని అర్థం.

మూత్రం ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా రాసేవి ఇవి:

నైట్రోఫ్యూరాంటోయిన్. మామూలుగా 100 మిల్లీగ్రాములది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 5 రోజులు. తిన్న తర్వాతే వేసుకోవాలి. ఒంటేలు ముదురు పసుపుగా, గోధుమ రంగులో వస్తుంది. దానికి భయపడనక్కర లేదు.

పేరు చివర ‘ఫ్లాక్సాసిన్’ అని ఉండేవి. సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్. అనుకోని నొప్పులకు పేరుపడ్డ గుంపు ఇదే. 

ఫాస్ఫోమైసిన్. 3 గ్రాముల పొడి ప్యాకెట్. అర గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి ఒక్కసారే తాగేది. వేడి నీళ్లు వాడకూడదు. రాత్రి పడుకునే ముందు, ఒంటేలుకు పోయి వచ్చి తాగితే మందు మూత్రాశయంలో ఎక్కువసేపు నిలుస్తుంది.

కోట్రైమాక్సజోల్. సల్ఫా జాతి మందు. ఇంతకు ముందు ఏ సల్ఫా మందుతోనైనా దద్దుర్లు వచ్చి ఉంటే మొదటి గోలీకి ముందే డాక్టర్‌కు చెప్పాల్సింది.

సెఫిక్సిమ్, సెఫ్యూరాక్సిమ్. వీటితో ఎక్కువగా వచ్చేవి కడుపునొప్పి, విరేచనాలు.

వీటితో పాటు మంట తగ్గడానికి ఒక సిరప్ ఇస్తారు. ఒంటేలులో పులుపు తగ్గించే సిట్రేట్ మందు అది. ఇక్కడొక మెలిక ఉంది. నైట్రోఫ్యూరాంటోయిన్ పులుపు గుణం ఉన్న మూత్రంలోనే బాగా పని చేస్తుంది. సిరప్ ఆ పులుపును తీసేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఇంకో ఇబ్బంది: పులుపు పోయిన మూత్రంలో అది పలుకులుగా గడ్డకట్టవచ్చు, నీళ్లు తక్కువ తాగితే మరీ. చీటీలో రెండూ ఉంటే సొంతంగా తీసేయకండి. కానీ మంట తగ్గనప్పుడు ‘ఈ సిరప్ ఇంకా కావాలా సార్?’ అని అడగండి. ఆ సిరప్‌లో సోడియం కూడా ఉంటుంది కాబట్టి బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు తప్పకుండా అడగాలి.

3. నొప్పి ఉన్న చోట వేలు పెట్టి చూపండి

‘ఒళ్లంతా నొప్పులు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్క వేలితో చూపించగలిగితే సగం పని అయినట్టే.

*మడమ వెనక, పిక్క కింద.* మీరు వాడేది ఫ్లాక్సాసిన్ గోలీ అయితే అన్నిటికంటే ముందు దీన్నే అనుమానించాలి. పిక్క నుంచి మడమ ఎముకకు దిగే గట్టి తాడు ఉంటుంది. మనం నరం అంటాం, డాక్టర్లు టెండన్ అంటారు. ఈ మందులు కొందరిలో ఆ తాడును వాచేలా చేస్తాయి, ఒక్కోసారి తెగేలా కూడా చేస్తాయి. భుజం, మణికట్టు, బొటనవేలు దగ్గర కూడా రావచ్చు. మొదటి రెండు రోజుల్లోనే రావచ్చు, కోర్సు అయిపోయిన కొన్ని నెలలకూ రావచ్చు. అందుకే చాలామందికి గోలీకీ నొప్పికీ లంకె తట్టదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల సమాచార పత్రంలో టెండన్ గురించి గట్టి హెచ్చరిక వేయించింది 2008లో. మామూలు మూత్రం ఇన్ఫెక్షన్‌కు వేరే మందు ఉన్నప్పుడు వీటిని వాడొద్దని 2016లో చెప్పింది. అయినా మన మెడికల్ షాపుల్లో ‘మంట గోలీ’ అంటే ఇప్పటికీ చేతికి ముందు తగిలేది ఇదే గుంపు.

60 దాటినవాళ్లకు, కిడ్నీ పని తగ్గినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఈ గండం ఎక్కువ. స్టెరాయిడ్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి పేరు తెలియని చిన్న గోలీలు నెలల తరబడి మింగేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. వేసుకోగానే ఒళ్లు తేలికపడే గోలీలో డెక్సామెథసోన్ గానీ ప్రెడ్నిసోలోన్ గానీ ఉండే అవకాశం ఉంది. ఆ షీటు కూడా తీసి డాక్టర్‌కు చూపించండి.

ఫ్లోరైడ్ నొప్పికీ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి, వంగలేరు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గోలీ నొప్పి నిన్న లేదు, ఇవాళ ఉంది. మడమ వెనక వేళ్లతో రెండు పక్కలా పట్టి ఒత్తితే ఒకే చోట కలుక్కుమంటుంది. పొద్దున లేచి మొదటి అడుగు వేసేటప్పుడు ఎక్కువ. ఒక కాలికే రావచ్చు, రెండింటికీ రావచ్చు.

చేయాల్సింది: తర్వాతి ఫ్లాక్సాసిన్ గోలీ వేసుకోకండి. అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేసో, పోయో వేరే మందు రాయించుకోండి. ఆపేసి ఊరుకుంటే ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంది. ఆ కాలి మీద బరువు వేయవద్దు. గుడ్డలో చుట్టిన ఐసు 10, 15 నిమిషాలు పెట్టండి. నూనె పెట్టి మాలిష్ చేయడం, కాపడం పెట్టడం, ‘నరం సర్దడం’ ఇవేవీ వద్దు. వాచిన తాడును గుంజితే తెగుతుంది. అక్కడ స్టెరాయిడ్ సూది అసలే వేయించుకోవద్దు. మడమ వెనక ఫట్‌మని చప్పుడై, మునివేళ్ల మీద లేవలేకపోతే తాడు తెగినట్టే. ఎముకల డాక్టర్ ఉన్న పెద్ద దవాఖానకు పోవాలి.

*అరికాళ్లు, అరచేతులు.* మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం. ఫ్లాక్సాసిన్ మందులతోనూ వస్తుంది, నైట్రోఫ్యూరాంటోయిన్‌తోనూ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు, కిడ్నీ పని తగ్గినవాళ్లకు, బీ12 విటమిన్ తక్కువున్నవాళ్లకు ఎక్కువ. షుగర్ తిమ్మిర్లు ముందు నుంచే ఉంటే ‘ఇవి అవేలే’ అనుకోవడం తేలిక. గోలీ మొదలుపెట్టాక పెరిగాయా, కొత్తచోటికి పాకాయా చూసుకోండి. పెరిగితే మందు ఆపి ఆ రోజే మాట్లాడండి, ఆలస్యం చేస్తే నరాల దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్లకు ఫ్లాక్సాసిన్ గోలీలతో షుగర్ ఒక్కసారిగా పడిపోవడం కూడా ఉంటుంది. చెమటలు, వణుకు వస్తే ముందు చక్కెర నీళ్లు తాగించండి.

*డొక్క, వీపు పక్క.* పక్కటెముకల కింద, వెన్నుకు ఒక పక్కన. పిడికిలితో మెల్లగా తట్టితే లోపల కలుక్కుమంటే, జ్వరం ఉంటే, ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందని అనుమానించాలి. ఇక్కడ మందు పేరు చాలా ముఖ్యం. నైట్రోఫ్యూరాంటోయిన్, తాగే ఫాస్ఫోమైసిన్ మూత్రాశయంలో బాగా పని చేస్తాయి, కిడ్నీ కండలోకి సరిపడా చేరవు. అంటే మీరు గోలీలు తప్పకుండా వేసుకుంటున్నా పైన జబ్బు పెరుగుతూనే ఉంటుంది. మందు మార్చాలి, తరచుగా సూది మందే కావాల్సి వస్తుంది.

నొప్పి అలలు అలలుగా వచ్చి, గజ్జల్లోకి దిగుతూ, ఏ పక్కకు తిరిగినా నిమ్మళం లేకపోతే రాయి. ఎండల్లో చెమటలు కారుతూ నీళ్లు తక్కువ తాగి పని చేసే మన దగ్గర రాళ్లు మామూలే. రాయి ఒక్కటే అయితే సమయం ఉంటుంది. రాయి అడ్డుపడి దానికి జ్వరం తోడైతే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. స్కానింగ్, అవసరమైతే లోపల గొట్టం వేసే యూరాలజీ డాక్టర్ ఉన్నచోటికే నేరుగా పోవాలి.

ఇంకో రకం నడుము నొప్పి కిందికి వంగితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది, జ్వరం ఉండదు. అది పని నొప్పి.

*ఛాతీ.* నైట్రోఫ్యూరాంటోయిన్ వాడుతూ పొడిదగ్గు, జ్వరం, ఆయాసం, ఊపిరి తీస్తే నొప్పి వస్తే మందు ఊపిరితిత్తులకు పడలేదన్నమాట. మామూలుగా మొదటి మూడు వారాల్లోపే కనిపిస్తుంది. ఇంతకు ముందు ఇదే మందు వాడి ఉంటే గంటల్లోనే రావచ్చు. జలుబు చేసిందని దగ్గు మందు తాగుతూ ఈ గోలీ కొనసాగించడమే ఇక్కడ జరిగే తప్పు. మందు ఆపేసి దవాఖానకు పోండి. ఆ మందు మళ్లీ ఎప్పుడూ వాడకూడదు.

*రొమ్ము ఎముక వెనక మంట, పైకడుపు నొప్పి.* గోలీని గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అది గొంతు కింద అతుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట కూర్చుని ఉండండి. నైట్రోఫ్యూరాంటోయిన్‌ను జొన్న రొట్టెతోనో అన్నంతోనో వేసుకుంటే కడుపులో తిప్పడం బాగా తగ్గుతుంది. కడుపు మంటకు గ్యాస్ సిరప్ తాగేముందు ఆగండి. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ సిరప్, ఏఎన్‌ఎం ఇచ్చే ఐరన్ గోలీ, కాల్షియం గోలీ ఇవి ఫ్లాక్సాసిన్ మందును కడుపులోనే పట్టేసుకుంటాయి. పాలు, పెరుగు ఉత్తగా తాగినా అంతే. వీటికి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ ఫ్లాక్సాసిన్ గోలీ వేసుకోవాలి. మందు పని చేయలేదని మందు మార్చిన వాళ్లలో కొందరికి అసలు అడ్డుపడ్డది సల్ల గ్లాసే.

*పొత్తికడుపు.* మూత్రాశయం వాపు తగ్గేదాకా ఒకటి రెండు రోజులు బిగుసుకున్నట్టు ఉండటం మామూలే. బొడ్డు దగ్గర మొదలై కుడి పక్కకు జరిగి అక్కడే నిలిచే నొప్పి, అన్నం సయించకపోవడం ఉంటే అపెండిక్స్ సంగతి చూడాలి. ఆడవాళ్లకు తెల్లబట్ట వాసనతో పోతూ, జ్వరం, కింద లోపలి నొప్పి ఉంటే అది గర్భసంచి వైపు ఇన్ఫెక్షన్. దానికి మందులు వేరు, భర్తకు కూడా వాడాల్సి రావచ్చు. నీళ్ల విరేచనాలు రోజుకు మూడు నాలుగు సార్లు మించి, నొప్పితో, రక్తం జీరతో అయితే యాంటీబయాటిక్ వల్ల పేగు వాచిందేమో చూపించుకోవాలి. విరేచనాలు కట్టే గోలీ సొంతంగా వేసుకోవద్దు.

*బయటి చర్మం.* ఇది ఆడవాళ్లకు తరచుగా జరిగేది, చెప్పుకోలేక దాచుకునేది. నాలుగో రోజుకు మంట మళ్లీ మొదలైతే ఒక్కటి గమనించండి. ఒంటేలు లోపల దారిలో వస్తుండగా మంటా, లేక బయటి చర్మానికి తగిలాక మంటా? బయట తగిలాక మంట, దురద, విరిగిన పాలలా తెల్లబట్ట ఉంటే ఇన్ఫెక్షన్ తిరగబెట్టలేదు. యాంటీబయాటిక్ మంచి క్రిములను కూడా చంపడంతో శిలీంధ్రం పెరిగింది. ఇంకో యాంటీబయాటిక్ వేస్తే ఇంకా పెరుగుతుంది. క్లోట్రిమజోల్ లాంటి మందుతో తగ్గుతుంది. సబ్బు, డెట్టాల్ నీళ్లు పెట్టి కడగడం ఆపండి, ఉత్త నీళ్లు చాలు.

షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లలో ఒంటేలులో చక్కెర పోతుంది కాబట్టి ఈ బాధ ఎక్కువ. వీళ్లకు మర్మాంగాల దగ్గర, మలద్వారం చుట్టూ వాపు, ఎరుపు, జ్వరంతో పాటు తట్టుకోలేని నొప్పి వస్తే అరుదైనదే అయినా ప్రాణం మీదికొచ్చే ఇన్ఫెక్షన్ అది. వెంటనే సర్జన్ చూడాలి.

*మగవాళ్లకు కూర్చునే చోట నొప్పి.* వృషణాలకూ మలద్వారానికీ మధ్య సలుపు, ఒంటేలు సన్నగా రావడం ఉంటే మూత్రాశయం కింద ఉండే గ్రంథి, ప్రోస్టేట్‌కు సోకిందని. ఐదు రోజుల కోర్సు చాలదు, రెండు నుంచి నాలుగు వారాలు వాడాల్సి ఉంటుంది. వృషణం వాచి నొప్పి ఉంటే అదే రోజు చూపించుకోండి.

*సూది వేసిన తుంటి.* జెంటామైసిన్, సెఫ్ట్రియాక్సోన్ కండకు వేస్తే రెండు రోజులు నొప్పి ఉంటుంది. వేసేటప్పుడే కరెంటు కొట్టినట్టు కాలిలోకి జివ్వుమంటే, తర్వాత పాదం లేవకపోతే నరానికి తగిలినట్టు. గడ్డ కట్టి వేడిగా ఎర్రగా ఉంటే చీము పట్టిందేమో చూపించాలి.

4. నొప్పికి ఏం వేసుకోవాలి, ఏం వద్దు

ముందు జ్వరం చూసుకుని రాసుకోండి, తర్వాతే గోలీ. పారాసిటమాల్ వేసుకున్నాక థర్మామీటర్ పెడితే జ్వరం దాగిపోతుంది, డాక్టర్ దాన్ని మామూలు కేసు అనుకుంటారు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే జ్వరమే.

పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములది 6 గంటలకొకటి, రోజుకు 4కు మించకుండా. రోజూ మద్యం తాగేవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, బక్కగా ఉన్నవాళ్లు ఇంకా తక్కువ వాడాలి, అడిగి వాడాలి. పొత్తికడుపు మీద గోరువెచ్చని నీళ్ల సంచి పెట్టుకోవచ్చు, చర్మం మీద నేరుగా కాదు, గుడ్డ వేసి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, ఐబుప్రోఫెన్ సొంతంగా వద్దు. గోలీగా అయినా సూదిగా అయినా ఒకటే. ఇవి కిడ్నీకి రక్తం పారకాన్ని తగ్గిస్తాయి. ఎండలో నీళ్లు తగ్గి ఉండి, బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి గోలీ, దానితో పాటు ఒంటేలు ఎక్కువ చేసే గోలీ వేసుకుంటూ, పైన ఈ నొప్పుల సూది పడితే కిడ్నీ మూడు వైపులా దెబ్బ తింటుంది. మెడికల్ షాపులో ఇచ్చే ‘నొప్పుల గోలీ’లో చాలావాటిలో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది. విడిగా పారాసిటమాల్ వేసుకుంటే రెండింతలవుతుంది. రాయి నొప్పికి డాక్టర్లే డైక్లోఫెనాక్ ఇస్తారు, నిజమే. వాళ్లు కిడ్నీ సంగతి చూసి ఇస్తారు.

ఒంటేలు దారిలో మంటకు ఫెనాజోపైరిడిన్ అనే గోలీ ఉంది. యాంటీబయాటిక్‌తో పాటు రెండు రోజులకు మించి వాడరు. ఒంటేలు నారింజ రంగులో వస్తుంది, బట్టలకు అంటితే పోదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పనికిరాదు. ఇది మంటను తెలియకుండా చేస్తుందే గానీ క్రిమిని చంపదు. మంట పోయిందని యాంటీబయాటిక్ ఆపేయడానికి ఇదొక కారణం.

5. నీళ్లు

రోజుకు రెండు, రెండున్నర లీటర్లు. చేను పనికి పోయే రోజుల్లో చెమటకు తగ్గట్టు ఇంకా ఎక్కువ. కొలత అక్కర లేదు, ఒంటేలు లేత గడ్డి రంగులో వస్తే చాలు, నైట్రోఫ్యూరాంటోయిన్ వాడేటప్పుడు మాత్రం రంగు నమ్మవద్దు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన కొలతే. వేడి చేసిందని బార్లీ, సబ్జా తాగడంలో తప్పు లేదు, అవి గోలీకి బదులు కావు. బీరు తాగితే రాయి కొట్టుకుపోతుందనేది ఒళ్లు ఎండగొట్టుకునే మాట. పత్తి చేలో చాటు లేదని పొద్దంతా ఒంటేలు ఆపుకోవడం, అందుకోసమే నీళ్లు తాగకపోవడం ఆడవాళ్లకు ఈ జబ్బు మళ్లీ మళ్లీ రావడానికి కారణం. కనీసం కోర్సు అయ్యే వరకైనా మూడు నాలుగు గంటలకు ఒకసారి పోవాల్సిందే.

6. 48 గంటలు లెక్కపెట్టండి

మొదటి గోలీ ఏ పూట వేసుకున్నారో షీటు వెనక రాయండి. సరైన మందు పడితే రెండు రోజుల్లో మంట తగ్గడం తెలుస్తుంది. 48 గంటలకు కూడా అలాగే ఉంటే మందుకు క్రిమి లొంగలేదని అనుమానం. ఇంకో రకం యాంటీబయాటిక్ కొనే ముందు యూరిన్ కల్చర్ చేయించండి. సీయూఈ అని గంటలో ఇచ్చే మామూలు మూత్ర పరీక్ష వేరు, అది చీము కణాలు ఉన్నాయా లేవా చెబుతుంది. ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుందో చెప్పేది కల్చర్. రెండు మూడు రోజులు పడుతుంది. ప్రభుత్వ దవాఖానలో చూపించుకుంటే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా పరీక్షలు ఉచితం. మీకు కావాల్సిన పరీక్ష అందులో ఉందో లేదో అక్కడ అడగండి.

నమూనా పట్టే తీరులోనే చాలా రిపోర్టులు పాడవుతాయి. చేతులు కడుక్కుని, ఒంటికిపోయే చోట ఉత్త నీళ్లతో కడిగి, మొదటి ధార వదిలేసి మధ్య ధార ల్యాబ్ ఇచ్చిన మూత డబ్బాలో పట్టండి. డబ్బా లోపల వేలు తగలవద్దు. ఇంట్లో టానిక్ సీసా వద్దు. గంట రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టి అదే రోజు ఇవ్వండి. ఊరి నుంచి పొద్దున పట్టిన డబ్బాను ఎండలో బస్సులో తీసుకుపోతే దారిలోనే క్రిములు పెరిగి లేని జబ్బు చూపిస్తుంది. ల్యాబ్ దగ్గరికి పోయాకే పట్టడం మేలు.

రిపోర్టులో చీము కణాలు నిండుగా ఉండి, కల్చర్‌లో ఏ క్రిమీ పెరగకపోతే, మంట వారాల తరబడి తగ్గకపోతే, బరువు తగ్గుతుంటే టీబీ పరీక్ష అడగండి. మూత్రం దారికి కూడా టీబీ వస్తుంది. ఫ్లాక్సాసిన్ గోలీలు దాన్ని కొన్నాళ్లు అణిచి కప్పిపెడతాయి. టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వ దవాఖానలో ఉచితం.

7. డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి

ఓపీలో దొరికేది రెండు నిమిషాలు. వరసగా ఇలా చెప్పండి: మందు పేరు, ఎన్ని గోలీలు అయ్యాయి, నొప్పి ఏ చోట, గోలీ మొదలుపెట్టిన ఎన్నో రోజు, జ్వరం ఎంత, ఇంకా ఏమేం గోలీలు వాడుతున్నారు. బీపీ, షుగర్, కీళ్ల నొప్పుల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకుపోండి. కిడ్నీ ఎంత బాగా పని చేస్తుందో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష రిపోర్టు ఉంటే అది పైన పెట్టండి, నైట్రోఫ్యూరాంటోయిన్ ఇవ్వవచ్చో లేదో దాన్ని బట్టే చెబుతారు. ‘సూది వేయండి సార్’ అని మీరే అడగకండి. చాలాసార్లు అడిగినందుకే వేస్తారు.

మందు ఆపమంటే దాని బదులు ఏది, ఎన్ని రోజులు అని అడిగి రాయించుకోండి. పాత మందు మూడు రోజులు అయింది కాబట్టి కొత్తది రెండు రోజులు చాలని మీరు లెక్క కట్టవద్దు.

మందు పడలేదని తేలితే దాని అసలు పేరు, ఏమైందో ఒక కాగితం మీద రాసి ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డులున్న కవర్లో పెట్టండి. ‘సిప్రోఫ్లాక్సాసిన్: మడమ నరం వాచింది’ అని ఒక్క లైను చాలు. తర్వాతిసారి విరేచనాలకో జ్వరానికో ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ అదే గుంపు మందు రాయబోతే ఆ కాగితం చూపించండి.